చీకటి పడేలోగా గూడు

పికప్ వెనక అట్టపెట్టెలు కదులుతున్నాయి.

దగ్గరికి వెళ్తావు. పెట్టెకు పొడిచిన చిల్లులోంచి ఒక కన్ను నిన్ను చూస్తోంది. గుండ్రంగా, నారింజ రంగులో. లోపల గరగరమని గోళ్ల చప్పుడు.

అర్బాబ్, అంటే యజమాని, బండి దిగి పెట్టె మీద అరచేత్తో తడతాడు. "దియాయ్," అంటాడు. కోళ్లు. షార్జా పక్షుల మార్కెట్లో కొన్నాడట. పన్నెండు పెట్టలు, అన్నీ బలదీ, అంటే మన నాటుకోళ్ల వంటివి. ఇంట్లో పిల్లలకు సొంత మజ్రా (తోట) గుడ్లు తినిపించాలని ముచ్చటపడుతున్నాడు. నువ్వు పెట్టెలు దించుతావు. నీ చేతిలో వెయ్యి దిర్హాములు పెట్టి, మంచి కఫస్ (గూడు) చూడు, గట్టిది చూడు అని చెప్పి, బండి తిప్పుకుని వెళ్లిపోతాడు.

డిసెంబర్ మొదటి వారం. టైమ్ ఐదు. అల్ ధైద్‌లో ఈ రోజుల్లో ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది.

కోళ్లున్నాయి. గూడు లేదు. అరగంట ఉంది.

చుట్టూ చూడు. ఖర్జూరపు చెట్ల వరసలు. మేకల కొట్టం. పంపు గది. మందుల కొట్టు. నువ్వూ, నీతో పనిచేసే కాకా పడుకునే రేకుల గది. తోట చివర తీగ కంచె, కంచె అవతల కంకర నేల, ఆ పైన నీలంగా హజర్ కొండలు. కంచె పక్కన ఇసుకలో ఒక వరస గుర్తులు. ఒకదాని ముందొకటి, దారం పట్టి వేసినట్టు. కుక్కవి కావు. కుక్క అటూ ఇటూ వంకరగా నడుస్తుంది. వంగి చూస్తే వేళ్ల అచ్చు మసకగా ఉంటుంది. ఈ ఎడారి నక్కకు అరికాళ్ల కింద కూడా వెంట్రుకలుంటాయి, కాలే ఇసుక తగలకుండా. ఆ వెంట్రుకలే అచ్చును చెరిపేస్తాయి.

గుర్తులు కొత్తవి. అంచులు ఇంకా రాలలేదు.

జగిత్యాలకు ఫోన్ కలుపుతావు. అమ్మ ఎత్తుతుంది. "గంప కింద కమ్మెయ్ కొడుకా. మీద రాయి పెట్టు," అంటుంది, అదేం పెద్ద సంగతన్నట్టు. ఇంటి దగ్గర అది నిజంగానే పెద్ద సంగతి కాదు. వాకిట్లో గంప, గంప పక్కన మంచం, మంచం మీద నాయిన, మంచం కింద కుక్క. గంపను కాపాడింది రాయి కాదు, ఆ వాకిలి. ఇక్కడ వాకిలి లేదు. కుక్క లేదు. నువ్వు తలుపేసుకుని పడుకుంటావు.

మందుల కొట్టుకు గట్టి తలుపుంది. కానీ లోపల పురుగుమందు డబ్బాలు. తలుపు తీస్తేనే ముక్కు మండుతుంది. వద్దు. పంపు గదివి సిమెంటు గోడలు, ఇనుప తలుపు. తలుపు కింద మాత్రం బెత్తెడు సందు. బెత్తెడు సందు చాలు పిల్లికి. చిన్న నక్కకూ చాలు. నాలుగు ఇటుకలు మోసుకొచ్చి సందుకు అడ్డం పేరుస్తావు, లోపల ఎండుగడ్డి పరుస్తావు, పెట్టెలు విప్పుతావు. కోళ్లు బిక్కుబిక్కుమంటూ మూలకు చేరతాయి. తలుపేస్తావు. చీకట్లో కోడికి కళ్లు కనబడవు. రెండు నిమిషాల్లో లోపల చప్పుడు ఆగిపోతుంది.

రాత్రి ఒంటిగంటకు లేచి వింటావు.

ఇనుప రేకు మీద గోరు. ఒకసారి. ఆగింది. మళ్లీ ఒకసారి.

పొద్దున చూస్తే ఇటుకల ముందు ఇసుక తవ్వి ఉంది.

*

కాకా నిన్ను పంపు గది వెనక్కి తీసుకెళ్తాడు. ఆయన ఈ మజ్రాకు వచ్చి పదహారేళ్లయింది. గడ్డిలో పడి ఉన్న పాత గూడును కాలితో తిప్పుతాడు.

"సూడు," అంటాడు. ఇంకేం చెప్పడు.

నువ్వు కూర్చుని చూస్తావు. ఆరు మూలల గడుల జాలీ. ఇండియాలో కోళ్ల జాలీ అని అడిగితే ఇచ్చేదే. ఒక మూల కింద అది చిరగలేదు, విప్పుకుంది. అల్లిన చాప పురి ఒకటి ఊడితే మిగతావి వాటంతటవే వదులైనట్టు. సన్నతీగను మెలి తిప్పి అల్లిన జాలీ అది. ఒక్క మెలిక తెగితే పక్కది నిలవదు. చెక్కకు కొట్టిన యు మేకులు రెండు వేలాడుతున్నాయి. పక్కనే నేల పల్లంగా ఉంది, అక్కడి నుంచి కూడా తవ్వింది.

"ఎన్ని కోళ్లు పోయినయ్ కాకా?"

"ఏడు సచ్చినయ్ బిడ్డా. తీస్కపోయింది ఒక్కటే."

ఒక్కటి తినడానికి ఏడింటిని ఎందుకు చంపుతుంది? నీకూ ఆ ప్రశ్న వస్తుంది. బయట మేసే కోడి మీద నక్క పడితే మిగతావి చెల్లాచెదురై పారిపోతాయి. మూసిన గూట్లో పారిపోయే చోటు లేదు. కోళ్లు రెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయి. కదిలే ప్రతి రెక్కనూ నక్క పట్టుకుంటుంది, కదలిక ఆగేదాకా. తర్వాత ఒక్కొక్కటీ మోసుకెళ్లి ఇసుకలో పాతి దాచుకోవాలని చూస్తుంది. ఆలోపు తెల్లారింది, అంతే. అది కసి కాదు, రేపటి తిండి. కానీ పలచటి గూడు కోడికి ఇల్లు కాదని నీకు ఇప్పుడు తెలుస్తోంది. దొరికాక పారిపోనివ్వని బోను అది.

*

శుక్రవారం. సెలవు. కాకా, నువ్వు, పికప్. షార్జా.

షాపు ముందు చెక్క గూళ్లు బారుగా పెట్టి ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. ఆకుపచ్చ కప్పు, తెల్లని కిటికీలు, కింద లాగే ట్రే, పైకి ఎక్కడానికి బుల్లి నిచ్చెన. అట్ట మీద బొమ్మ: పది కోళ్లు. నీ జేబులో వెయ్యి దిర్హాములున్నాయి. ఇది ఆరు వందలేనట. గంటలో ఇంటికెళ్లి బిగించేయొచ్చు. ఈ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.

చేయి జేబులోకి వెళ్తోంది.

ఆగు. ముందు కొలువు. కాకా జేబులో టేపుంది. కోళ్లు పడుకునే గది మూడడుగులు, నాలుగడుగులు. పన్నెండు చదరపు అడుగులు. రాత్రి తొక్కిసలాట లేకుండా పడుకోవాలంటే ఒక్కో కోడికి నాలుగు చదరపు అడుగులన్నా కావాలి. బొమ్మలో పదికోళ్లు ఉన్న ఈ గూట్లో పట్టేది మూడు. నీ పన్నెండింటికి నలభై ఎనిమిది కావాలి. ఆరడుగులకు ఎనిమిదడుగులు.

ఇప్పుడు వేలు పెట్టు. కిటికీ జాలీలో బొటనవేలు పట్టి లోపలికి నొక్కు. జాలీ నీ వేలితో పాటే కుంగుతుంది. అవే ఆరు మూలల గడులు. పాత గూటి జాలీయే, రంగేసింది.

"గిది కోళ్లు బయటికి పోకుండ," అంటాడు కాకా. "నక్క లోపలికి రాకుండ కాదు."

తలుపు చూడు. చిన్న కొక్కెం, పైకి లేపితే వస్తుంది. తలుపు పట్టుకుని ఊపితే తనే లేస్తుంది. అడుగు చూడు. ట్రే ఉన్నచోట తప్ప మిగతాదంతా ఖాళీ, నేరుగా ఇసుక మీద. చెక్క నొక్కు. గోరు దిగుతుంది. మెత్తటి చెక్క. ఇక్కడి ఎండకు రెండు నెలల్లో ఆరి వంగుతుంది. వంగిన తలుపుకు సందు వస్తుంది. ఆ సందుల్లో పగలంతా దాక్కుని రాత్రి కోళ్ల నెత్తురు తాగే ఎర్ర నల్లులు చేరతాయి. చివరగా తల లోపలికి పెట్టు. గాలి రావడానికి ఉన్నవి ఆ రెండు కిటికీలే.

డిసెంబర్‌లో ఆ చివరి సంగతి ఎవరూ పట్టించుకోరు. నువ్వు పట్టించుకో. చలిదేశాల వాళ్లు గీసిన గూడు ఇది. వాళ్లకు భద్రమంటే మూసి ఉండడం. మంచు రాకూడదు, నక్క రాకూడదు. రెంటికీ ఒకే గోడ సరిపోతుంది. ఇక్కడ జూన్ వస్తుంది. 2021 జూన్‌లో ఈ దేశంలోనే స్వైహాన్ దగ్గర 51.8 డిగ్రీలు కాసింది. అలాంటి చోట నాలుగు చెక్క గోడల మధ్య కోడిని పెట్టి గొళ్లెం వేస్తే నక్కకు పని లేకుండా చేసినట్టే.

"గాలి రావాలె. నోరు రావద్దు," అంటాడు కాకా. పదహారేళ్లలో ఆయన రాసుకున్న కొలత అది.

షాపు లోపలికి నడుస్తారు. మూల నిలబెట్టిన జాలీ చుట్టలు. చదరపు గడులు, ప్రతి గడి మూలా వెల్డింగ్‌తో అతికింది. అర అంగుళం గడి. నీ చిటికెన వేలు కొన దాకా వెళ్లి ఆగుతుంది. నక్క పన్ను సరే, పిల్లి పంజా, ఎదిగిన ఎలుక, పిచ్చుక కూడా రావు. పిచ్చుకలు ఎందుకంటావా? అవీ పావురాలూ దాణా తొట్టి మీద రెట్టలు వేసిపోతాయి. ఊళ్లో కొక్కెర తెగులు వచ్చి ఒక్క వారంలో వాడంతా కోళ్లు వాలిపోయిన సంవత్సరం నీకు గుర్తుంది కదా.

చుట్ట మీద గేజి అంకెలు. షాపతను రెండు చుట్టలు చూపిస్తాడు, 22, 19. పెద్ద అంకె గట్టిదనుకుని చేయి 22 మీదికి వెళ్తుంది. కాదు. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 19 తీసుకో. కాకా పకారు తీసి ఒక గడిని పట్టి బలంగా లాగుతాడు. గడి వంగుతుంది. పక్క గడి కదలదు.

చుట్ట ఖరీదు విని నీ గుండె కొంచెం జారుతుంది. రెండు చుట్టలు కావాలి. ఇనుప గొట్టాలు, మరలు, వాషర్లు, గడియలు. వెయ్యిలో వెల్డర్‌కు మిగిలేది కొద్దే. చెక్క గూడు ఇంకా అక్కడే ఉంది, ఆకుపచ్చ కప్పుతో. ఇంకోసారి చూస్తావు.

చుట్టలు బండికి ఎత్తుతావు.

*

ఎక్కడ పెట్టాలి?

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇది మజ్రా కాబట్టి, యజమాని చెప్పాడు కాబట్టి నువ్వు గూడు కడుతున్నావు. అజ్మాన్‌లోనో షార్జాలోనో విల్లా అద్దెకు తీసుకుని పెరట్లో నాలుగు కోళ్లు పెంచుదామనుకునేవాళ్లు మేకు కొట్టకముందే మునిసిపాలిటీని అడగాలి. నివాస ప్రాంతాల్లో కోళ్ల మీద కట్టడులుంటాయి. కోళ్లను తెచ్చి, పిల్లలు వాటికి పేర్లు పెట్టాక, ఎవరో ఫిర్యాదు చేసి తీసేయాల్సి వస్తే ఆ ఏడుపు చూడలేం.

నీ కళ్లు పంపు గది పక్కన పల్లపు మూల మీద ఉన్నాయి. నీళ్ల పైపు దగ్గర. నీకు నడక తక్కువ. కాకా పంపు గది గోడ చూపిస్తాడు. మోకాలి ఎత్తున మట్టి గీత. 2024 ఏప్రిల్ 16. ఆ రోజు అల్ అయిన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు లోపల 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచి ఈ దేశం అంత వాన ఎరగదు. ఇక్కడ పడింది అందులో కొంతే, ఆ కొంతే ఈ మూలను ముంచింది. ఎడారి నేల నీటిని తాగదు, తోస్తుంది. గూట్లో మూసిన కోడి ఈదలేదు.

కాబట్టి మిట్ట మీదికి. అక్కడ ఒక చెట్టుంది. ఇక్కడివాళ్లు ఘాఫ్ అంటారు. 2008 నుంచి ఈ దేశపు జాతీయ వృక్షం. నీకు మాత్రం ఆ పేరు అక్కర్లేదు. వచ్చిన మొదటి వారమే సన్నని ఆకు చూసి, ముల్లు చూసి గుర్తుపట్టి దానికి దండం పెట్టావు. జమ్మి. దసరానాడు ఊరి చివర ఆకు తెంపి పెద్దల చేతిలో పెట్టిన జమ్మి. దాని నీడ పలచన, కానీ మధ్యాహ్నం రెండింటికి ఈ తోటలో నేల కాలనిచోటు ఇదొక్కటే.

రెండు శుక్రవారాలు, రోజూ సాయంత్రం ఒక గంట. అప్పటిదాకా కోళ్లు పంపు గదిలోనే. గూడు పొడుగును తూర్పు పడమరలుగా పెడతారు, పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా పొట్టి గోడల మీదే పడేటట్టు. గొట్టాల చట్రం. నాలుగు వైపులా, పైన కూడా జాలీ, ఎందుకంటే పిల్లి ఈ కొమ్మ మీది నుంచే దిగుతుంది. జాలీని లోపలి నుంచి బిగిస్తారు, నక్క తోస్తే చట్రానికే ఒత్తుకునేలా. మేకులు వద్దు. మర, మర కింద వెడల్పు వాషర్, జానెడుకొకటి. వేలు నొప్పి పుడుతుంది. "జానెడంటే జానెడే," అంటాడు కాకా, నువ్వు మూరెడు వదిలినచోట చేయి పెట్టి.

కింద ఏం చేయాలి? గోడ చుట్టూ లోతుగా తవ్వి జాలీ పాతాలనుకుంటావు. గడ్డపార కంకరలో జానెడు దిగి ఠంగుమంటుంది. అక్కర్లేదంటాడు కాకా. జాలీని గోడ మొదట్లో మడిచి బయటివైపు నేల మీద మూరెడు వెడల్పున పరుస్తారు, పైన ఇసుక, రాళ్లు. నక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది. మూరెడు వెనక్కి నడిచి, అక్కడి నుంచి తవ్వుకుంటూ రావాలని దానికి తోచదు. కాలి కింద తీగ తగులుతుంది. పక్కకు జరుగుతుంది. అక్కడా తీగే.

లోపల పడుకోవడానికి రెండు గుండ్రటి కర్రలు, ఒక్కోటి ఆరడుగులు. కోడికి ఒక అడుగు. గుడ్లకు మూడు డబ్బాలు, కర్రల కన్నా కింద. డబ్బాలు పైన పెడితే వాటిలోనే పడుకుని రెట్టలతో నింపుతాయి, ఎత్తైన చోటే కోడికి పడక. కప్పుకు రేకు. రేకు పైన జానెడు ఎడం వదిలి ఖర్జూరపు మట్టలు. అరీష్ అంటారు. కరెంటు రాకముందు ఇక్కడి జనం వేసవంతా మట్టల ఇళ్లలోనే గడిపారు, సందుల్లోంచి గాలి ఆడేది. రేకు ఎండను ఆపదు, మింగి కిందికి ఊదుతుంది. మట్టలే ఆపుతాయి.

తలుపుకు రెండు గడియలు, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కో గడియకు స్ప్రింగ్ కొక్కెం.

కోళ్లు మొదటి సాయంత్రం ఎవరూ తోలకుండానే ఒక్కొక్కటే ఎక్కి కూర్చుంటాయి. నువ్వు లెక్కపెడతావు. పన్నెండు.

*

జనవరి. పొగమంచు.

సాయంత్రం నీళ్ల పైపు పగిలింది. నువ్వూ కాకా బురదలో మోకాళ్ల దాకా. వాల్వు బిగించి లేచేసరికి చీకటి. పరుగున గూటికి వచ్చావు. పొద్దంతా బయట మేసిన కోళ్లు లోపలికి చేరాయి. కర్రల మీద నల్లటి వరస. తలుపు లాగావు. పై గడియ. కింది గడియ. కొక్కేలు. చేతులు వణుకుతున్నాయి చలికి. గదికి వెళ్లి తిని పడుకున్నావు.

రెండింటికి మెలకువ.

కోళ్లు అరుస్తున్నాయి.

గుడ్డు పెట్టిన అరుపు కాదు. పొడుగ్గా, ఒక్కటే గొంతు, దాని మీద ఇంకొకటి. చెప్పులు దొరకవు. టార్చి దొరికింది. తలుపు తీస్తావు. తెల్లగా పొగమంచు. పది అడుగులు కూడా కనబడదు.

పరిగెత్తు.

కాలికి కంకర. టార్చి వెలుగు మంచుకు తగిలి నీ మొహం మీదికే వస్తోంది. అరుపు వైపు వెళ్లు. జమ్మి మాను. గూడు.

ఆకుపచ్చగా రెండు కళ్లు.

ఇంత చిన్నదా? చెవులు పెద్దవి. ఒళ్లు ఇసుక రంగు. ఊరి కుక్కలో సగం లేదు. నిన్ను చూసి బెదరదు. గోడ మొదట్లో తవ్వుతోంది. తీగ మీద గోళ్లు. కిర్రు. కిర్రు. జరిగింది. కిర్రు. లేచి ముందు కాళ్లు జాలీ మీద ఆనించింది. పన్ను పెట్టి లాగింది.

జాలీ కదల్లేదు.

తలుపు? వేశావా? పై గడియ వేశావు. కింది గడియ? వెలుగు అటు తిప్పు. ఉంది. కొక్కెం ఉంది.

ఊపిరి.

లెక్కపెట్టు. ఒకటి, రెండు. తలలు కదులుతున్నాయి. మళ్లీ మొదటి నుంచి. తొమ్మిది. పది. పదకొండు.

పదకొండు.

మళ్లీ.

పదకొండు.

నీ తల మీద ఆకులు కదిలాయి. కొమ్మ మీద పన్నెండోది. సాయంత్రం నువ్వు లెక్కపెట్టలేదు. అది బయటే ఉండిపోయింది.

ఏం చేస్తావు? చీకట్లో కోడి కదలదు. టార్చి ఆర్పేసి, నక్కను రాయితో తరిమి, చెట్టు కింద తెల్లారేదాకా నిలబడొచ్చు. అది నీకు రేపు తోస్తుంది. ఇప్పుడు తోచింది ఒక్కటే. ఎక్కడుందో చూడాలి.

టార్చి పైకెత్తావు.

వెలుగు కళ్లలో పడింది. రెక్కలు. కొమ్మ ఊగింది. కిందికి.

నేల తాకలేదు.

ఒక్క అరుపు, సగం. ఇసుక మీద ఈడ్చిన చప్పుడు. కంచె తీగ మోగింది. తర్వాత పొగమంచు.

కాకా వెనక నుంచి వచ్చి నీ భుజం మీద చేయి వేస్తాడు. గూడు చుట్టూ తిరిగి చూస్తాడు. ఒక్క గడి విడలేదు. పదకొండు కోళ్లూ కర్ర మీద ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్నాయి. నువ్వు తెల్లారేదాకా అక్కడే కూర్చుంటావు. ఈకలు ఏరి గుప్పిట్లో పట్టుకుంటావు, ఎందుకో నీకే తెలియదు.

*

జూలై. మధ్యాహ్నం రెండు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం. నువ్వు ఏసీ కింద పడుకున్నావు. కోళ్లకు ఆ నియమం లేదు. లేచి చెప్పులు వేసుకుంటావు.

తలుపు తీయగానే గాలి మొహాన కొడుతుంది. జమ్మి కింద వేలాడదీసిన థర్మామీటర్‌లో 46. ఉలిక్కిపడి గూట్లోకి చూస్తావు. కోళ్లన్నీ నోళ్లు తెరిచి ఉన్నాయి. గొంతులు కొట్టుకుంటున్నాయి. రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని, చంకల్లోకి గాలి పోనిస్తున్నాయి. కోడికి చెమట పట్టదు. ఒళ్లే నలభై ఒకటి డిగ్రీలు దాటి ఉంటుంది, చల్లబడడానికి ఉన్న పెద్ద దారి ఈ రొప్పడమే. రొప్పి రొప్పి రక్తంలో సున్నం తగ్గే స్థితి వస్తుంది. అందుకే నెల రోజులుగా గుడ్ల పెంకు నీ వేళ్లకే చితుకుతోంది.

ఒకటి నేల మీద వాలిపోయింది. మెడ వేలాడుతోంది.

పట్టుకో. చన్నీళ్ల బకెట్. ఐసు నీళ్లు కాదు, మామూలు చల్లనివే. కాళ్లు ముంచు. తురాయి తడుపు. కాళ్లకు ఈకలుండవు, తురాయికి ఉండవు, ఒంటి వేడి అక్కడి నుంచి త్వరగా పోతుంది. ముక్కు నీళ్లలో ముంచి తియ్యి. ఒక గుటక. ఇంకొకటి. ఇసుక మీద నీళ్లు చల్లు. నాలుగు వైపులా జాలీ కాబట్టి కొండల వైపు నుంచి వచ్చే ఆ కాస్త గాలీ తడి ఇసుక మీదుగా గూట్లోంచి దూరి పోతోంది. ఇక్కడ ఎండు గాలి, తడి పనిచేస్తుంది. షార్జా సముద్రపు ఒడ్డున ఆగస్టు ఉక్కలో అయితే ఎంత చల్లినా తడికి తడి తోడవుతుంది, అక్కడ ఫ్యాన్ పెట్టాల్సిందే.

కోడి కన్ను తెరిచింది.

పక్క మజ్రాలో గొంతులు వినబడతాయి. కంచె దాటి వెళ్తారు నువ్వూ కాకా. అక్కడి పిల్లవాడు, పని కొత్త, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అతని ముందు చెక్క గూడు. ఆకుపచ్చ కప్పు. ఎండకు వెలిసి తెల్లబడింది. రాత్రి నక్క భయానికి కిటికీలకు ప్లైవుడ్ కొట్టాడట, గట్టిగా, సందు లేకుండా. ఏ నక్కా రాలేదు.

చేయి లోపల పెట్టి చూస్తావు. వెంటనే లాక్కుంటావు. ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టుంది. నాలుగు కోళ్లు మూలన ఒకదాని మీద ఒకటి. ఒంటి మీద గీత లేదు. ఈక చెదరలేదు.

"నేను మంచిగనే మూసిన అన్నా," అంటాడు పిల్లవాడు. నిజామాబాద్ వాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

నీకు మాట రాదు. కాకా వెళ్లి పకారు తెస్తాడు. ముగ్గురూ కలిసి ప్లైవుడ్ ఊడదీస్తారు. మిగిలిన రెండు కోళ్లను నువ్వు చంకలో పెట్టుకుని జమ్మి కిందికి తెస్తావు. మీ చుట్టలో ఇంకా నాలుగు గజాల జాలీ మిగిలి ఉంది. శుక్రవారం దాకా ఆగక్కర్లేదు. కొత్త కోళ్లను పాతవాటితో వెంటనే కలపకూడదు, జబ్బుంటే అంటుకుంటుంది, పొడుచుకుంటాయి కూడా. అందుకని ఆ సాయంత్రమే మూలకు ఒక చిన్న అడ్డు కడతారు. మర, వాషర్, జానెడుకొకటి. పిల్లవాడు మూరెడు వదులుతాడు. "జానెడంటే జానెడే," అంటావు నువ్వు.

ఏడుంబావు. పొద్దు దిగింది. కోళ్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. నువ్వు తలుపు ముందు నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెడతావు, పైకి, గట్టిగా. పదకొండు. అడ్డు అవతల రెండు. పై గడియ. కొక్కెం. కింది గడియ. కొక్కెం. నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ చేయి పెట్టి చూస్తావు.

తెల్లవారి గూటి చుట్టూ ఇసుక చదవడానికి వెళ్తావు. వచ్చింది. గోడ మొదట్లో మూడు చోట్ల తవ్వింది, మూడు చోట్లా తీగ మెరుస్తోంది. నాలుగోచోట మొదలుపెట్టి వదిలేసింది. మసక అచ్చులు ఒకే గీతగా జమ్మి చుట్టూ తిరిగి కంచె వైపు వెళ్లాయి. లోపల ఒక పెట్ట గుడ్డు పెట్టి అరుస్తోంది.